ఒక్క వృషణమే కనిపిస్తోందా? రెండోది లోపలే ఉంది

మగ కుక్కపిల్లల్ని టీకాలకు తెచ్చినప్పుడు కింద కూడా తడిమి చూస్తాను. ఒకటే తగిలిందని చెబితే ఇంటివాళ్ల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: "దీనికి పుట్టుకతోనే ఒకటే ఉంది."
వాస్తవం: నిజంగా ఒక్కదానితో పుట్టేవి చాలా అరుదు. వృషణాలు కిడ్నీల దగ్గర తయారై, గజ్జల్లోని సన్నని దారిగుండా సంచిలోకి దిగాలి. రెండోది ఆ దారిలోనో, పొట్టలోనో ఆగిపోయి ఉంటుంది. ఎక్కువగా ఆగేది కుడివైపుది.

అపోహ: "పెద్దయితే అదే దిగుతుంది."
వాస్తవం: చాలా పిల్లల్లో 2 నెలలకల్లా దిగిపోతాయి. కొన్నింటికి ఆలస్యమవుతుంది కాబట్టి ఆగి చూడొచ్చు. కానీ 6 నెలలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది, ఇక ఆశ పెట్టుకోవద్దు. ఒక్కసారి చూసి తేల్చేయడం కూడా తప్పే. బెదిరిన పిల్ల వృషణాన్ని పైకి లాగేసుకుంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, స్థిమితపడ్డాక, గజ్జల నుంచి సంచి వైపు వేళ్లతో మెల్లగా జరుపుతూ వెతకాలి. అక్కడి కొవ్వు ముద్దనో లింఫు గ్రంథినో వృషణం అనుకునే ప్రమాదమూ ఉంది.

అపోహ: "లోపలుంటే నష్టమేంటి? హాయిగా ఆడుకుంటోందిగా!"
వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇదే. ఒంటి వేడికి ఆ వృషణంలో వీర్యకణాలు తయారుకావు, మగ హార్మోన్ మాత్రం వస్తూనే ఉంటుంది. దానికి కణితి వచ్చే ముప్పు మామూలు వృషణంతో పోలిస్తే సుమారు 10 రెట్లు. పొట్టలో ఉన్నది ఎంత పెరిగినా పైకి కనిపించదు. వృషణంలో వీర్యకణాలకు పోషణనిచ్చే సెర్టోలి కణాల నుంచి పుట్టిన కణితి అయితే ఆడ హార్మోన్ ఎక్కువై రెండు పక్కలా సమానంగా జుట్టు ఊడుతుంది, చనుమొనలు ఉబ్బుతాయి, మగ కుక్కలు దీని వెంటపడతాయి. ఎముక మజ్జ దెబ్బతింటే రక్తం తయారవడమే తగ్గిపోతుంది, ఆ దశలో కుక్కను కాపాడుకోవడం చాలా కష్టం. ఇంకో ప్రమాదం, లోపలి వృషణం మెలిపడటం. అప్పుడు హఠాత్తుగా కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి.

అపోహ: "హార్మోన్ ఇంజెక్షన్లతో దింపొచ్చు."
వాస్తవం: పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. మసాజ్‌తోనూ దిగదు.

అపోహ: "బయటున్నది ఒకటి తీసేస్తే చాలు."
వాస్తవం: దయచేసి ఆ పని చేయించకండి. ముప్పు ఉన్నది లోపల మిగిలిపోతుంది, హార్మోనూ ఆగదు. పైగా సంచి ఖాళీగా కనిపించేసరికి ఆపరేషన్ అయిపోయిందని అందరూ నమ్ముతారు. లోపలిదొక్కటే తీసి, రెండోదాన్ని క్రాసింగ్ కోసం ఉంచమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఒకటి దిగిన కుక్కకు పిల్లలు పుడతాయి, లోపమూ వాటికి సంక్రమిస్తుంది. ఆడ కుక్కలకు లోపం బయటపడదు గానీ ఆ జన్యువులు వాటిలోనూ ఉంటాయి. అందుకే అలాంటి పిల్ల పుట్టిందంటే తల్లినీ తండ్రినీ కూడా మళ్లీ క్రాసింగ్‌కు వాడకూడదు.

అపోహ: "పొట్ట కోయాలంటే చాలా ప్రమాదం."
వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసు కుక్క ఈ ఆపరేషన్‌ను బాగానే తట్టుకుంటుంది. గజ్జల్లో ఉంటే చిన్న కోతే. పొట్టలో ఉంటే ముందు స్కాన్‌లో వెతికి, తర్వాత పొట్ట తెరిచో లాపరోస్కోపీతోనో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) తీస్తారు. 6 నెలల నుంచి ఏడాది లోపు చేయించడం మంచిది. రెండూ తీసినట్టు కేసు షీటులో రాయించుకోండి. పెద్దయ్యాక పెంపకానికి తెచ్చుకున్న కుక్క అయి, సంచి ఖాళీగా ఉండి, పాత వివరాలేవీ తెలియకపోతే, లోపల వృషణం మిగిలిందో లేదో రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు.