ఉల్లిగడ్డల లెక్కలో చివరి నాలుగు ఎక్కడిది?

కర్నూలు

పిల్లలూ,

మీ ఉల్లిగడ్డల మండీ ప్రాజెక్టు స్క్రీన్‌షాట్ చూశాను. 0.1 క్వింటాలు, 0.2 క్వింటాలు కలిపితే 0.30000000000000004 వచ్చిందని అంత టెన్షన్ ఎందుకు? డేటాబేస్ చెడిపోలేదు, ఆ కాలమ్‌కు మీరు డబుల్ రకం (చుక్క ఉన్న అంకెలను ఎనిమిది బైట్లలో సగాల లెక్కన దాచేది) పెట్టారు, అంతే.

దానికి తెలిసిన భిన్నాలన్నీ సగం, సగంలో సగం, మళ్ళీ అందులో సగం. మా నాయన కాలంలో రూపాయికి పదహారు అణాలు కదా, ఆ అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అన్నీ (1/2, 1/4, 1/8, 1/16) డబుల్‌లో పిసరంత తేడా లేకుండా కూర్చుంటాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు పైసలు చేశారు, మనుషులకు అది సుఖమే, ఈ సగాల లెక్కకే ఇమడదు. పదో వంతును సగాలతో ఎంత పేర్చినా ఇంకా కొంచెం మిగులుతూనే ఉంటుంది, డబుల్ అంకెకు ఇచ్చే 53 బిట్లు (0, 1 పట్టే గళ్ళు) నిండాక ఆపక తప్పదు. అందుకే మీ 0.1 లోపల 0.10000000000000000555 లాగా ఉంటుంది, 0.3 మాత్రం అసలు కంటే కాస్త తక్కువగా ఉంటుంది, కూడితే వచ్చినది దానికి సరిపోక చివర్లో ఆ నాలుగు బయటపడుతుంది. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, కంప్యూటర్లలో చుక్క అంకెల లెక్కకు పెట్టిన 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణమే ఇలా చెప్తుంది.

చివర్లో రౌండ్ చేస్తే పోలా అంటారు, నాకు తెలుసు. మొత్తం 0.3 ఉన్న వరుసలు తెమ్మని అడిగి చూడండి, ఒక్కటీ రాదు. పైగా 1.005ను రెండు స్థానాలకు రౌండ్ చేస్తే 1.01 రావాలి కానీ, లోపల ఉన్నది 1.00499... కాబట్టి 1.00 వచ్చే ప్రమాదం ఉంది. కూడే వరుస మారినా జవాబు మారుతుంది, ముందు 0.1, 0.2 కలిపి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001, వెనక నుంచి కలిపితే 0.6. డబుల్‌కు తమ్ముడి లాంటి నాలుగు బైట్ల ఫ్లోట్ రకం అయితే మరీ ఘోరం, 1,67,77,217 వేస్తే 1,67,77,216 అయి కూర్చుంటుంది.

డబ్బుకు మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లలో డెసిమల్ (పదుల లెక్కలోనే తేడా లేకుండా దాచే రకం) వాడండి. ఎస్‌క్యూలైట్‌తో మాత్రం జాగ్రత్త, మీరు డెసిమల్ అని రాసినా అది ఒప్పుకున్నట్టే ఉండి లోపల 0.1ను డబుల్‌గానే దాస్తుంది. అక్కడ పైసల్లో, గ్రాముల్లో పూర్ణాంకాలుగా పెట్టుకోవడమే నయం.

ఇప్పటికే ఎక్కించిన రూపాయలను పైసల్లోకి మార్చేటప్పుడు వందతో గుణించి నేరుగా పూర్ణాంకం చేయొద్దు. 0.29ని వందతో గుణిస్తే 28.999999999999996 వస్తుంది, ఎస్‌క్యూలైట్ చుక్క తర్వాతిది కోసేసి 28 పెడుతుంది, రైతుకు పైసా పోతుంది. ముందు రౌండ్ చేసి, ఆ తర్వాత మార్చండి. దానికంటే ముందు బ్యాకప్ తీసుకోండి.

మీ పెదనాయన