నమ్మితే చాలా, నడత కూడా కావాలా? విశాఖ సంఘాల్లో ఒక పాత ప్రశ్న

విశాఖలోని జ్ఞానాపురంలో పుట్టి పెరిగిన కాథలిక్ అమ్మాయి బాప్టిస్టు ఇంటికి కోడలిగా వెళ్తే, పెళ్లి మాటల్లో దాటేసిన విషయం ఒకటి తర్వాత ఎప్పుడో భోజనాల దగ్గర బయటపడుతుంది. "మీవాళ్లు మంచి పనులు చేస్తే పరలోకం వస్తుందంటారు కదా" అని అత్తింటివాళ్లు, "మీరేమో నమ్మితే చాలు, ఎలా బతికినా పర్లేదంటారు" అని పుట్టింటివాళ్లు. నిజానికి ఏ సంఘమూ తన బోధలో ఆ మాట చెప్పదు. అయినా రెండు వైపులా తరతరాలుగా అదే అపోహ నిలిచిపోయింది. నీతిగా, ప్రేమగా బతకడానికీ రక్షణకూ (అంటే పాపం నుంచి విడుదలకూ) సంబంధమేమిటన్న తగువు విశాఖలో పుట్టింది కాదు. ఓడల్లో వచ్చింది.

మూలం బైబిల్లోనే ఉంది. ధర్మశాస్త్ర క్రియలవల్ల కాదు, విశ్వాసంవల్లే మనిషి నీతిమంతుడవుతాడని రోమీయులకు రాసిన పత్రికలో పౌలు అంటాడు. క్రియలు లేని విశ్వాసం చచ్చినదేనని యాకోబు అంటాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడం తేలిక. కానీ ప్రేమవల్ల పనిచేసే విశ్వాసమే లెక్కలోకి వస్తుందని గలతీయులకు రాసింది ఆ పౌలే. యాకోబు కూడా గాలిలో మాట్లాడలేదు. పొలం కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి దేవుడి దగ్గర మొరపెడుతోందని ఐదో అధ్యాయంలో రాశాడు. ఈ మాట మీద ప్రసంగాలు ఇంకా ఎక్కువగా రావాలని నా కోరిక.

యూరప్‌లో ఇది చీలికగా మారింది 16వ శతాబ్దంలో. మంచి పనులు మనిషిని మంచివాణ్ని చేయవు, మంచివాడైన మనిషే మంచి పనులు చేస్తాడని ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ 1520లో రాశాడు. కాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1547లో జవాబిచ్చింది: మొదలు కృపతోనే, అయితే ఆశ, ప్రేమ తోడవని విశ్వాసం మనిషిని క్రీస్తుతో పూర్తిగా ఏకం చేయదు. చదివితే దూరం మనం అనుకున్నంత లేదు. కానీ పరస్పర శాపాలు అధికారిక పత్రాల్లోకి ఎక్కాయి, యుద్ధాలు జరిగాయి.

ముందుగా విశాఖలో ప్రొటెస్టెంటు బోధ సంగతి. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడ దిగారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన పని నుంచి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. తొలి దశాబ్దాల్లో బాప్తిస్మాలు చాలా తక్కువ. లెక్క చెప్పుకోవడానికి ఏమీ లేని ఆ కాలంలోనూ బడి నడిపారు, భాష నేర్చుకున్నారు, ఇక్కడే మట్టిలో కలిశారు. "నమ్మితే చాలు" అన్నవాళ్ల నడత ఇది.

కాథలిక్కుల కథ మీద ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే బయటివాళ్లకు అది సరిగా తెలియదు. 1846లో విశాఖ చేరిన ఫాదర్లు ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరుతో 1838లో ఇప్పటి ఫ్రాన్సులోని అన్నెసీలో పుట్టిన సన్యాస సభవాళ్లు. ఆ ఫ్రాన్సిస్ జెనీవా బిషప్పు. అది ప్రొటెస్టెంటు నాయకుడు కాల్విన్ అనుచరుల పట్టణం కావడంతో అన్నెసీలోనే ఉండాల్సి వచ్చింది. తగువు మధ్యలో బతికిన మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడాడు. భక్తి సన్యాసుల సొత్తు కాదని, సైనికుడి బారకాసులో, పనివాడి దుకాణంలో, సంసారుల ఇంట్లో కూడా పవిత్రంగా బతకొచ్చని 1609లో వెలువడిన పుస్తకంలో బోధించాడు. ఎవరి పనిని బట్టి వాళ్ల భక్తి ఉండాలన్నది ఆయన మాట. ఓడరేవు ఊరికి ఇంతకంటే సరిపోయే బోధ ఏముంటుంది?

ఆయన జేన్ ద షాంతాల్‌తో కలిసి 1610లో స్త్రీల సభ ఒకటి స్థాపించాడు. పేదల ఇళ్లకు వెళ్లి రోగులను చూడాలన్నది తొలి ఉద్దేశం. కానీ పైవాళ్ల ఒత్తిడితో 1618లో ఆ సిస్టర్స్ మఠం గోడల మధ్యే ఉండిపోవాల్సి వచ్చింది. గోడ దాటే అవకాశం 1650లో ఫ్రాన్సులోని లె పుయ్‌లో మొదలైన సెయింట్ జోసఫ్ సభకు దొరికింది. పొరుగువారి సేవే వాళ్ల వ్రతం. ఆ సభ అన్నెసీ శాఖ సిస్టర్స్ 1849లో మన తీరానికి వచ్చారు. విశాఖలో ఆడపిల్లల చదువు వెనుక వాళ్ల శ్రమ ఉంది. డిసెంబర్ 8న రాస్ హిల్ మాత పండక్కి కొండ ఎక్కేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ కనిపిస్తారు.

మూడో పాయ కెనడియన్ బాప్టిస్టులది. 1870లలో భీమిలి చేరారు. 20వ శతాబ్దం మొదట్లో లండన్ మిషన్ పని కూడా వాళ్ల చేతికి వచ్చింది. మారుమనస్సు పొందాకే ముంచి బాప్తిస్మం, ఆ తర్వాత సాక్ష్యం చెడకుండా జీవితం. తాగినవాణ్ని, తగాదాపడినవాణ్ని ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు) దూరంగా ఉంచే క్రమశిక్షణ చాలా ఇళ్లను నిలబెట్టింది, కూలి డబ్బు సారా కొట్టుకు పోకుండా ఆపింది. అందుకు కృతజ్ఞత ఉండాలి. అయితే కాలక్రమంలో నీతి అంటే మానేయాల్సిన వాటి జాబితాగా కుంచించుకుపోయింది. తాగొద్దు, సినిమాకు వెళ్లొద్దు, నగలు వద్దు. కట్నం మాత్రం కానుక పేరుతో పాస్టర్ గారి ముందే చేతులు మారుతుంది. 1961 నుంచి అది చట్టరీత్యా నేరం. సినిమా చూసినవాణ్ని మందలించే సంఘం కట్నం తీసుకున్నవాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టడం నాకు బాధగా ఉంటుంది.

కులం సంగతీ అంతే. క్రీస్తులో యూదుడు, గ్రీకువాడు అన్న తేడా లేదని చదువుతాం, పెళ్లి సంబంధాలు వెతికేటప్పుడు మొదట అడిగేది కులమే. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో దళిత క్రైస్తవుల కోసం తెచ్చిన విధాన పత్రంలో సంఘం లోపల అంటరానితనం ఉందని ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. మిగతా సంఘాలు కూడా అంత స్పష్టంగా ఒప్పుకోవాలి.

అసలు తగువు మాత్రం కాగితం మీద చాలావరకు సద్దుమణిగింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్య ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనల్ని దేవుడు అంగీకరించేది కృపవల్లే, మన పుణ్యంవల్ల కాదు. ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధం చేస్తుంది అన్నది దాని సారం. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలు దానితో కలిశాయి. విశాఖలో ఎక్కువమంది విశ్వాసులు వెళ్లే బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఆ సంతకాల్లో లేవు. సంతకం చేసిన సంఘాల విచారణల్లో (పారిష్‌లలో) కూడా ఆదివారం ప్రసంగాల్లో ఆ ప్రకటన ప్రస్తావన అరుదే. జ్ఞానాపురం అమ్మాయి, ఆమె అత్తగారు ఇంకా పాత మాటలతోనే వాదించుకుంటున్నారు.