ఇంజన్ మిస్సింగ్: కొత్తది కొనే ముందు ఉన్నదాని చోటు మార్చి చూడండి (అపోహలు – వాస్తవాలు)

బెంగళూరులో మారతహళ్లి వైపున్న మా గ్యారేజీకి వచ్చేవారిలో తెలుగువారే ఎక్కువ. వారిలో చాలామంది వీడియోలు చూసి, అపార్ట్‌మెంట్ పార్కింగులోనే బానెట్ ఎత్తి సొంతంగా పని మొదలుపెట్టేవారు. అది తప్పని నేను అనను. సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడాన్ని, అంటే మిస్‌ఫైర్‌ను, వాడుకలో మనం మిస్సింగ్ అనేదాన్ని, పెట్రోలు బండిలో ఇంటి దగ్గరే పట్టుకోవడం చాలాసార్లు సాధ్యమవుతుంది. కాకపోతే కొన్ని నమ్మకాలు మనిషిని దారి తప్పించి, జె.సి. రోడ్డు స్పేర్ పార్ట్స్ దుకాణాలకు అవసరం లేని బేరం తెచ్చిపెడుతున్నాయి.

అపోహ: మిస్సింగ్ అంటే ప్లగ్గులు పోయినట్టే, అన్నీ కొత్తవి వేస్తే సరిపోతుంది.

సిలిండర్‌లో ఇంధనం సరిగా మండాలంటే వేళకు నిప్పురవ్వ పడాలి, గాలి, పెట్రోలు తగిన పాళ్లలో కలవాలి, కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే పీడనం) నిలబడాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఇంజన్ ఇంచుమించు ఒకేలా వణుకుతుంది, పికప్ పడిపోతుంది. అందువల్ల వణుకును బట్టి భాగం పేరు చెప్పడం ఊహే అవుతుంది.

నమ్మదగిన పద్ధతి చోటు మార్చి చూడడం. ఒక్కో ప్లగ్గుపై విడిగా కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ అందించే భాగం) ఉండే బండిలో, ఇంజన్ కంప్యూటర్ నుంచి తప్పు కోడ్ చదివే స్కానర్ పి0303 అని చూపిస్తే మూడో సిలిండర్ మండడం లేదని అర్థం. ఇంజన్ ఆపి, చల్లారాక, మూడో కాయిల్‌ను ఒకటో సిలిండర్‌కు, ఒకటో కాయిల్‌ను మూడో దానికి బిగించి, కోడ్ చెరిపి, కాసేపు నడిపి మళ్లీ చూడాలి. ఇప్పుడు పి0301 వస్తే దోషం కాయిల్‌తో పాటే వెళ్లిందన్నమాట. కోడ్ మూడోదానిలోనే ఉండిపోతే ప్లగ్గును కూడా అలాగే మార్చి చూడాలి. రెండింటినీ ఒకేసారి మార్చితే ఏది కారణమో తెలియదు. ఈ పరీక్షకు కావలసినది ఓపికే.

క్రిందటి వానాకాలంలో ఒక కుర్రవాడు వచ్చి, "అన్నా, రెండుసార్లు ప్లగ్గులు మార్పించాను, పది రోజులు బాగుండి మళ్లీ కొడుతోంది" అన్నాడు. మూడో కాయిల్ లాగితే ప్లగ్గు గుంతలో వేలు తడిసేంత నీరు, కాయిల్ రబ్బరు బూటు లోపల వెంట్రుకంత సన్నని నల్లగీత, ప్లగ్గు పింగాణీ మీద దానికి జతగా మరో గీత కనిపించాయి. కరెంటు ప్లగ్గు కొసదాకా పోకుండా ఆ గీత వెంట హెడ్ (సిలిండర్ల పైమూత) లోకి దిగిపోతోంది. పాత బూటును అలాగే ఉంచి కొత్త ప్లగ్గు వేసిన ప్రతిసారీ, బూటులోని గీత కొత్త ప్లగ్గుకూ అంటుకుంది. బూటు, ప్లగ్గు రెండూ కలిపి మార్చాక సమస్య పోయింది. నీరు ఎలా చేరిందని అడిగితే, వాటర్ వాష్‌లో ఇంజన్ మీద ప్రెషర్‌తో కొట్టించానని చెప్పాడు. గుంతలో నీటికి బదులు ఆయిల్ కనిపిస్తే మాత్రం వాల్వు కవర్ గాస్కెట్‌ను, ప్లగ్గు ట్యూబు సీళ్లను అనుమానించాలి.

అపోహ: స్కానర్ చెప్పాక ఇక సందేహం లేదు.

ఈసీయూకి, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, మంట కనబడదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే వేగంలో ఏ క్షణాన వెనుకబాటు వచ్చిందో సెన్సర్ ద్వారా లెక్కగట్టి, ఆ వంతు ఏ సిలిండర్‌దో చెబుతుంది. కాబట్టి స్కానర్ ఇచ్చేది స్థలం మాత్రమే, కారణం కాదు. సిలిండర్ల వరుస సంఖ్య కూడా ఎడమ నుంచి కుడికే ఉండాలని లేదు. సాధారణంగా బెల్టు లేదా టైమింగ్ చైన్ వైపున్నది ఒకటోది, అయినా మాన్యువల్ చూసి నిర్ధారించుకోవడం మంచిది.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా లాగితే తెలిసిపోతుంది.

కార్బురేటర్ కాలం మేస్త్రీలు ఇలాగే చేసేవారు, నేనూ అలాగే నేర్చుకున్నాను. నేటి కాయిళ్లు 30,000 వోల్టులకు మించి పుట్టించగలవు. దారి దొరకని ఆ కరెంటు మీ చేతినైనా వెతుక్కుంటుంది, కాయిల్‌నైనా కాల్చేస్తుంది. పైగా మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోతుంది. దానికి బదులు, మామూలు పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును సిలిండర్ బయట గాలి దారిలో చిమ్మే) బండిలో ఇంజెక్టర్ కనెక్టర్‌ను ఒక్కొక్కటిగా తీసి చూడవచ్చు. ఏది తీసినప్పుడు ఐడ్లింగ్‌లో మార్పు రాదో ఆ సిలిండర్ ముందే పనిచేయడం లేదన్నమాట. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) బండ్లలో ఈ పని వద్దు, అక్కడ ఇంజెక్టర్ వోల్టేజీ, ఇంధన పీడనం రెండూ ఎక్కువ.

అపోహ: లైటు వెలిగితే వెలిగింది, బండి నడుస్తోంది కదా.

చెక్ ఇంజన్ లైటు స్థిరంగా వెలగడం వేరు, మినుకుమినుకుమనడం వేరు. మినుకుమంటుంటే కేటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే భాగం) దెబ్బతినే స్థాయిలో మిస్సింగ్ ఉందని అర్థం. మండని పెట్రోలు అందులోకి చేరి మండి, లోపలి జల్లెడను కరిగించగలదు. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉంటాయి కనుక దాని ధర ముందు కాయిల్ ధర ఏపాటిది? సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఉన్నా సరే, వీలైన చోట పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి.

అపోహ: ఎథనాల్ కలిసిన పెట్రోలే అన్నింటికీ మూలం.

నాలుగు సిలిండర్లూ తాగేది ఒకే ట్యాంకు పెట్రోలు. ఎప్పుడూ ఒకే సిలిండర్ తప్పుతుంటే ఆ నేరాన్ని ముందుగా బంకు మీద వేయడం కుదరదు. అన్నీ కలిసి తప్పుతూ పి0300 వస్తుంటే మాత్రం ట్యాంకులో నీరు, ఫ్యూయల్ పంపు పీడనం, ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) దగ్గర గాలి లీకు చూడాలి. గాలి లీకైతే ఐడ్లింగ్‌లో ఎక్కువగా వణికి, రేజ్ చేస్తే తగ్గుతుంది. సీఎన్‌జీలో మిస్సై పెట్రోలులో బాగుంటే బలహీనపడ్డ కాయిల్‌నో, గ్యాప్ పెరిగిన ప్లగ్గునో ముందు చూస్తాను, ఎందుకంటే గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి.

అపోహ: ప్లగ్గును గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగిస్తే కొత్తదానితో సమానం.

ఇరిడియం ప్లగ్గు సన్నని కొనను రుద్దితే అది పాడవుతుంది. ఇక బిగింపు సంగతి. హెడ్ అల్యూమినియంది. వేడి ఇంజన్‌లో ప్లగ్గు విప్పినా, బలం కొద్దీ బిగించినా మర ఊడిపోవచ్చు. 14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న ప్లగ్గుకు సాధారణంగా 25 న్యూటన్ మీటర్ల దరిదాపు సరిపోతుంది. విప్పే ముందు టైర్లకు గాలి కొట్టే పంపుతో గుంతను ఊదండి, లేకుంటే అక్కడి ఇసుక సిలిండర్‌లో పడుతుంది.

కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ మూడూ చోటు మార్చినా కోడ్ కదలకపోతే, ఆ సిలిండర్ వైరింగ్‌ను, కనెక్టర్‌ను చూసి, అవీ బాగుంటే కంప్రెషన్ గేజి తీయాలి. ఫ్యూయల్‌ను, కాయిళ్లను ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక సిలిండర్ మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తాం. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల వైపో, హెడ్ గాస్కెట్ వైపో చూడాలి. ఇక్కడిదాకా పార్కింగులో చేసుకోవచ్చు. ఆ తర్వాత హెడ్ దించాల్సిందే, దానికి గ్యారేజీ కావాలి. వచ్చేటప్పుడు మీరు కొలిచిన అంకెలు రాసుకుని రండి, మళ్లీ మొదటి నుంచి వెతికే కూలీ మీకు మిగులుతుంది.