పొద్దున పెరిగి రాత్రికి తగ్గాల్సిన హార్మోను

చిన్నూ, బుజ్జీ,

మతిమరుపు జబ్బు తాతయ్యకైతే డాక్టరుగారు నిన్నెందుకు నడవమన్నారు అని అడిగారు కదా. ఫోన్లో మొదలుపెడితే మీ పరీక్షల మీదకు మాట మళ్ళుతుంది, అందుకే రాస్తున్నాను.

మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న అడ్రినల్ గ్రంథులుంటాయి. టెన్షన్ వస్తే మెదడు వాటికి కబురు పెడుతుంది, అవి కార్టిసాల్ అనే హార్మోనును వదులుతాయి. పాపం, దాన్ని అందరూ తిడతారు గానీ అది లేకపోతే పొద్దున్నే మంచం దిగే ఓపికే ఉండదు. నిద్ర లేచాక అరగంట, ముప్పావు గంటలో బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటాలి. మా వయసులో చాలామందికి రాత్రిపూట తగ్గాల్సినంత తగ్గదు. అదే గ్రంథుల నుంచి వచ్చే డీహెచ్ఈఏ అనే ఇంకో హార్మోను మాత్రం డెబ్భై దాటేసరికి, ఇరవైల్లో ఉన్నదాంట్లో అయిదో వంతో, ఇంకా తక్కువో మిగులుతుంది. దానికి మాత్రలు అమ్ముతారు. నేనైతే కొనను.

అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ అనే శాస్త్రవేత్త బృందం 1995లో ఒక సంగతి బయటపెట్టింది. మతిమరుపు జబ్బున్న ఇంటిమనిషిని చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్ళకు చేతి మీద చిన్న గాటు పెట్టి, ఎన్నాళ్ళకు మానుతుందో చూశారు. అలాంటి భారం లేని అదే వయసు వాళ్ళకంటే సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. దిగులు చర్మం దాకా వస్తుందన్నమాట!

నడిస్తే కార్టిసాల్ వెంటనే తగ్గిపోతుందని కొందరంటారు. నిజానికి గట్టిగా వ్యాయామం చేసేటప్పుడు అది పెరుగుతుంది, ఆగాక దిగుతుంది. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. కార్టిసాల్ ఇక చాలని చెప్పే మెదడు భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. జ్ఞాపకాలకూ అదే ముఖ్యం. వయసుతో అది కుంచించుకుపోతుంది. 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో 120 మంది పెద్దవాళ్ళను రెండు జట్లు చేస్తే, ఏడాదిపాటు వారానికి మూడుసార్లు చురుగ్గా నడిచిన జట్టులో అది 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసిన జట్టులో తగ్గింది.

వారానికి 150 నిమిషాలు నడవాలట. మోకాళ్ళు ఒప్పుకుంటాయి, తాతయ్యను ఒంటరిగా వదలడమే కుదరదు. సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రాలు ఆయన దగ్గర ఒక అరగంట కూర్చోండి. అడిగిందే మళ్ళీ అడుగుతారు, మీరూ విసుక్కోకుండా మళ్ళీ చెప్పండి. నేను చెరువుగట్టు దాకా వెళ్ళొస్తాను.

మీ అమ్మమ్మ