ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి? పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంజనీరింగ్ చదవాలని నిశ్చయించుకున్నాక మీలో చాలామందిని వేధించే ప్రశ్న ఒకటే: ఏ బ్రాంచి తీసుకోవాలి? పెద్దలను అడిగితే ఏ చదువుకు ఎక్కువ జీతం వస్తుందో చెప్పి ఊరుకుంటారు. నా ఆలోచన వేరు. ఏ బ్రాంచిలో ఎదురయ్యే చిక్కుముడులతో మీరు విసుగు లేకుండా ఏళ్ల తరబడి కూర్చోగలరో ముందు తెలుసుకోవాలి. జీతం లెక్క ఆ తరవాతే వేసుకోవాలి.

ఈ బ్రాంచీలన్నీ ఒకే కాలంలో పుట్టలేదు. లండన్‌లో సివిల్ ఇంజనీర్ల సంస్థ 1818లో ఏర్పడింది. ఆవిరి యంత్రాలు, రైళ్లు పెరిగాక 1847లో బర్మింగ్‌హామ్‌లో మెకానికల్ ఇంజనీర్లు తమ సంస్థను వేరుగా పెట్టుకున్నారు. 1871లో వచ్చిన టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘమే తరవాత ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థగా మారింది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సుకు ప్రత్యేక శాఖ తెరిచింది 1962లో. ఒక మనిషి నేర్వగలిగినదానికి మించి పని పెరిగినప్పుడల్లా కొత్త శాఖ విడివడింది. మూలం ఒకటే కనుక గణితం, భౌతికశాస్త్రం వంటి మొదటి ఏడాది పాఠాలు చాలాచోట్ల అందరికీ ఉమ్మడిగానే ఉంటాయి. ఏ బ్రాంచిలో చేరినా గణితం మిమ్మల్ని వదలదు. ఇది కొందరికి చేదుగా ఉంటుందని నాకు తెలుసు.

శాఖలు విడిపోయినా పని మాత్రం వాటి హద్దులను పట్టించుకోదు. గాలిలోని నైట్రోజన్‌ను హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తయారుచేయవచ్చునని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపించాడు. ఎరువులకు కావలసిన ఆ అమ్మోనియాను టన్నులకొద్దీ తీయవలసిన బాధ్యత కార్ల్ బాష్ అనే మరో జర్మన్ మీద పడింది. మామూలు గాలి పీడనానికి సుమారు 200 రెట్ల పీడనం, 500 డిగ్రీల దరిదాపుల వేడి. ఆ స్థితిలో హైడ్రోజన్ ఉక్కులోకి చొచ్చుకుపోయి, అందులోని కార్బన్‌ను లాగేసి, పాత్రను పెళుసుగా మార్చి పగలగొట్టేది. రసాయన చర్య సరిగానే ఉంది, దానిని పట్టి ఉంచే పాత్రే నిలవడం లేదు. బాష్ పాత్ర లోపల కార్బన్ తక్కువగా ఉన్న మెత్తని ఇనుప పొరను అమర్చి, పీడనాన్ని మోసే పని బయటి ఉక్కు గోడకు అప్పగించి, లోపలి పొరను దాటి వచ్చిన హైడ్రోజన్ బయటికి పోవడానికి ఆ గోడకు సన్నని రంధ్రాలు పెట్టించాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం నడిచింది. ఈ ఉపాయం బాష్‌కు తట్టడం వింత కాదు: అతడు రసాయనశాస్త్రానికి ముందు లోహశాస్త్రం, యంత్రశాస్త్రం చదువుకున్నవాడు. కెమికల్ ఇంజనీరింగ్ అంటే రసాయనశాస్త్రమే కదా అనుకుని చేరేవారు ఈ కథను ఒకసారి తలచుకోవాలి. ఆ బ్రాంచిలో అసలు కష్టం పరిమాణం పెంచడంలో ఉంది. పాత్ర కొలతలన్నీ పదింతలు చేస్తే లోపలి ఘనపరిమాణం వెయ్యింతలు అవుతుంది, వేడిని బయటికి పంపవలసిన ఉపరితలం మాత్రం వందింతలే అవుతుంది. గాజు కుప్పెలో నిదానంగా సాగిన చర్య పెద్ద పాత్రలో అదుపు తప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ప్రతి బ్రాంచికీ ఇలాంటి సొంత చిక్కు ఒకటి ఉంటుంది, చేరేముందు తెలుసుకోవలసింది దానినే. సివిల్ ఇంజనీరు కట్టే వంతెనకు పూర్తి పరిమాణంలో నమూనా కట్టి, పడగొట్టి చూసే వీలుండదు; పునాది కింది నేల ప్రతిచోటా వేరుగా ఉంటుంది. అమెరికాలోని టకోమా నారోస్ వంతెన 1940 జులైలో ప్రారంభమై, అదే ఏడాది నవంబరు 7న, తుపాను కూడా కాని గాలికి ఊగి ఊగి కూలిపోయింది. బరువును లెక్కించినవారు, వంతెన కదలికే గాలి నుంచి బలం పుంజుకుంటుందని ఊహించలేకపోయారు. ఆ తరవాత పెద్ద వేలాడే వంతెనల నమూనాలను గాలి సొరంగాల్లో పరీక్షించడం రివాజైంది. తప్పును తరవాత దిద్దుకునే అవకాశం లేని పని ఇది, అందుకు తగిన ఓపిక కావాలి. కంప్యూటర్ సైన్సులో ఇందుకు భిన్నంగా, రాసినదాన్ని నిమిషాల్లో నడిపి చూసి మార్చుకోవచ్చు; అయితే చేతికి తగిలే వస్తువేదీ ఉండదు, అంతా తర్కమే. మెకానికల్‌లో చలనం, వేడి, అరుగుదల. ఎలక్ట్రికల్‌లో కంటికి కనిపించని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను గణితంతోనే ఊహించుకోవడం. ఎలక్ట్రానిక్స్‌కు, కంప్యూటర్లకు మధ్య గీత ఎంత పలుచనిదో అమెరికన్ గణితవేత్త, ఇంజనీరు క్లాడ్ షానన్ 1937 నాటి ఎమ్మెస్ సిద్ధాంతవ్యాసం చెబుతుంది: విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే రిలే స్విచ్చుల వలయాలను, నిజం, అబద్ధం అనే రెండే విలువలతో నడిచే బూలియన్ బీజగణితంతో రూపొందించవచ్చునని అందులో నిరూపించాడు. అంతకు ముందే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లోనూ గణితంలోనూ పట్టా పుచ్చుకున్నవాడు కావడం ఇక్కడ గమనించదగిన విషయం.

మీకు ఏది సరిపడుతుందో పరీక్షించుకోవడానికి నాకు నమ్మకమైన మార్గం ఒకటుంది. పరిచయ పత్రాల్లోని రంగుల బొమ్మలను పక్కనపెట్టి, మూడో సంవత్సరం సిలబస్ తెప్పించుకోండి. మొదటి సంవత్సరం చూస్తే లాభం లేదు, అది అందరికీ ఒకటే. మూడో సంవత్సరంలోని ముఖ్యమైన పాఠ్యాంశానికి, అంటే మెకానికల్‌కు ఉష్ణ ప్రసారం, ఎలక్ట్రానిక్స్‌కు సిగ్నళ్లు, సివిల్‌కు నిర్మాణాల విశ్లేషణ, కంప్యూటర్లకు అల్గారిథమ్‌లు, ఇలా ఏదో ఒకదానికి సంబంధించిన పుస్తకం గ్రంథాలయంలో తీసి, ఒక అధ్యాయం చివరనున్న లెక్కలు చదవండి. అవి మీకు అర్థం కానక్కరలేదు, చేయనక్కరలేదు. ‘ఇది ఎలా చేస్తారు?’ అని మనసు లాగుతున్నదా, పుస్తకం మూసేయాలనిపిస్తున్నదా అన్నదొక్కటే చూసుకోండి. ఆ రంగంలో పనిచేసేవారు దొరికితే జీతం అడగకుండా, నిన్న పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏం చేశారని అడగండి. ఎండలో నిర్మాణ స్థలంలో నిలబడటం, రాత్రి షిఫ్టులో కర్మాగారాన్ని కనిపెట్టుకుని ఉండటం, రోజంతా తెర ముందు కూర్చోవడం అందరికీ ఒకేలా పడవు.

జీతం మాట పూర్తిగా కొట్టిపారేయను; చదువుకు అప్పు చేసే కుటుంబాలకు అది గట్టి ప్రశ్నే. కాని నేటి గిరాకీని చూసి చేరినవారు నాలుగేళ్ల తరవాత గాని బయటికి రారు, వారితోపాటు అదే లెక్క వేసుకున్న వేలమంది కూడా అప్పుడే వస్తారు. కృత్రిమ మేధ, రోబోటిక్స్, డేటా సైన్స్ వంటి కొత్త పేర్లతో మొదటి డిగ్రీ ఇస్తున్నచోట, ఆ పేరు కింద గణితం, మూల పాఠ్యాంశాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. తగినన్ని ఉంటే సరే. లేకపోతే విశాలమైన పాత బ్రాంచిలో చేరి, ఆ ప్రత్యేకతను ఎమ్మెస్‌లోనో ఉద్యోగంలోనో సంపాదించుకోవడం మేలని నా అభిప్రాయం. ఇరుకు నుంచి విశాలానికి రావడం కంటే విశాలం నుంచి ఇరుకుకు పోవడం సులభం.

కోరిన బ్రాంచి దొరకకపోతే ఏమిటన్నది చివరి ప్రశ్న. కొన్ని విశ్వవిద్యాలయాలు మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి మార్చుకోనిస్తాయి, కొన్ని ఇతర శాఖల పాఠ్యాంశాలను ఐచ్ఛికంగా తీసుకోనిస్తాయి. చేరేముందే ఆ నిబంధనలను కాగితం మీద చదువుకోండి. ‘తరవాత చూద్దాంలే’ అని నోటిమాటగా ఇచ్చే హామీని నమ్మి సంతకం పెట్టకండి.

ఇట్లు,
మీ తాతయ్య