ఇందిరా కిట్టు గొడవకు మూలం ఆ 170 రూపాయలు

కర్ణాటక ఉచిత బియ్యం పథకం అన్నభాగ్య కింద రాష్ట్రం అదనంగా ఇచ్చే ఐదు కిలోల బియ్యానికి బదులు కందిపప్పు, నూనె, చక్కెర, ఉప్పు ఉన్న ఇందిరా కిట్టు ఇవ్వాలని 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా బెంగళూరులో ఒకే మాట వినపడుతుంది: ‘ఉచిత బియ్యం అమ్ముకుంటున్నారు, అందుకే ఈ మార్పు.’ 2013లో రూపాయి బియ్యంగా పథకం మొదలైన సంగతి అందరికీ తెలుసు. ఈ తగువు అర్థం కావాలంటే 2023 జూలై నుంచి చూస్తే చాలు.

మనిషికి పది కిలోలిస్తామని మాటిచ్చి గెలిచిన ప్రభుత్వం అప్పటికి కొత్తది. ఐదు కిలోలు కేంద్రం వాటా. మిగతా ఐదు కొందామనుకునేసరికి, బహిరంగ మార్కెట్ పథకం కింద రాష్ట్రాలకు బియ్యం అమ్మకాన్ని కేంద్రం జూన్‌లో నిలిపేసింది. దారి లేక కిలోకి 34 రూపాయల లెక్కన మనిషికి 170 రూపాయలు, కార్డులో ఇంటి పెద్దగా ఉన్న ఆడమనిషి ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. నలుగురున్న ఇంటికి 680. అప్పటి ధరల్లో అది కిలోన్నర కందిపప్పు, రెండు లీటర్ల నూనె, డజను గుడ్లు, పైన కాసిని కూరగాయలు. ఏడాదిన్నర పైన సాగిన ఈ ఏర్పాటును తాత్కాలికమనే అన్నారు. అసలు మలుపు అదే.

ఎందుకంటే లెక్క అక్కడే బయటపడింది. 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పట్టణవాసి నెలకు తినే ధాన్యం, బియ్యం గోధుమలు రాగులు అన్నీ కలిపి, 8.05 కిలోలు. 2011-12లో అది 9.28. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు ఇంకాస్త ఎక్కువే తింటారనుకున్నా, పసిపిల్లల పేరన కూడా పది కిలోలొస్తే ఇంట్లో మిగులు తప్పదు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి పూటకో సంగటి ముద్ద తినే ఇళ్లలో మరీనూ. మిగిలిన బియ్యం ఇస్తే పప్పు వస్తుంది. సర్కారు 34 రూపాయలుగా లెక్కగట్టిన కిలోకి గల్లీలో సగం కూడా రాదు, అయినా ఇస్తారు. దీన్ని దుర్వినియోగమనడం తేలిక. బియ్యం తప్ప వేరే సరుకు చేతిలో లేని ఇల్లు నష్టానికి చేసుకునే మారకం ఇది.

నెల జీతం వచ్చే ఇల్లు ఒకటో తేదీ తర్వాత సోనా మసూరి 26 కిలోల బస్తా దింపించుకుంటుంది. 26 ఎందుకంటే, 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముద్రిత ప్యాకెట్లపై ఐదు శాతం జీఎస్టీ పడింది, మిల్లులు ఒక కిలో కలిపి దాన్ని దాటేశాయి. పధ్నాలుగు పదిహేను వందలు ఒక్కసారి తీయగలిగినవాళ్లకే ఆ వెసులుబాటు. రోజుకూలి ఇంటి కొనుగోలు సాయంత్రం చిల్లరకొట్టు దగ్గర, వంద గ్రాముల చొప్పున. కిలో 170 ఉన్నప్పుడు పప్పు వంద గ్రాములు ఇరవైకి కొంటే కిలో రెండొందలు పడ్డట్టే. వాళ్లకు లెక్క రాక కాదు, ఆ పూట జేబులో అంతే ఉంటుంది.

చదువు పనిచేసే చోటు వేరే. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే కాస్త తక్కువ ధరకు 750 గ్రాముల ప్యాకెట్ ఉంటే, వెనక చిన్నక్షరాలు చదివినవాళ్లకే తేడా తెలుస్తుంది. 170 రూపాయల విషయంలోనూ ఇదే చిక్కు. ఆధార్‌తో చివరిగా ఏ ఖాతాను ఎన్‌పీసీఐ (బ్యాంకు చెల్లింపులు నడిపే సంస్థ) జాబితాకు జోడిస్తే డబ్బు అందులోనే పడుతుంది. పాత బ్యాంకు పాస్‌బుక్కులో చూసుకుని రాలేదనుకున్న ఇళ్లున్నాయి. దానికితోడు జమ ఆలస్యమైతే పప్పు అప్పటికే కొట్లో ఖాతా రాయించుకుని తెచ్చేసి ఉంటారు. నగదులో తప్పు జరిగింది ఇక్కడే, కొందరు అనుమానించినట్టు ఆడవాళ్ల దుబారా వల్ల కాదు.

కేంద్రం మళ్లీ కిలో 22.50కి బియ్యం అమ్ముతామనడంతో 2025 ఫిబ్రవరిలో నగదు ఆగి, బియ్యం తిరిగొచ్చింది. తూకాన్ని బట్టి కమిషన్ వచ్చే డిపోలవాళ్లకు అది ఊరట. అక్రమ రవాణాను అరికట్టడానికి, పోషణకు కిట్టే మార్గమని ప్రభుత్వం అంటోంది. పోషణ మాట సబబే. కానీ ఆ ఇళ్లకు పప్పూ నూనే కావాలని 680 రూపాయల లెక్క ముందే చెప్పింది. ఇప్పుడు అదే పప్పు ఏ రకమో, ఎంతో సర్కారు నిర్ణయిస్తుంది.

పక్కనే కార్డుల ఏరివేత. ఇంటి ఆదాయం ఏడాదికి 1.2 లక్షలు దాటితే బీపీఎల్ (పేదల) కార్డు ఉండదు. అంటే నెలకు పది వేలు. రోజుకు ఐదొందల చొప్పున పాతిక రోజులు పనికెళ్లిన ఒక్క మనిషి సంపాదన 12,500.

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు షెడ్లలో ఉండే మన కూలీల్లో చాలామందికి ఉన్నది ఆంధ్ర కార్డే. ఒకే దేశం ఒకే కార్డు కింద ఇక్కడి డిపోలో వేలిముద్ర వేస్తే వాళ్లకు కేంద్రం వాటా ఐదు కిలోలే వస్తాయి. కర్ణాటక ఇచ్చే అదనపు బియ్యం వాళ్లకు రాలేదు, 170 రాలేదు, కిట్టూ రాదు.