ట్రోలింగ్ మోటార్ల మీద అపోహలు, వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లేకుల మీద చిన్న పడవేసుకుని చేపలకు వెళ్లే మనవాళ్లు చాలామందే ఉన్నారు. నేను పడవల రిపేరు షాపులో పనిచేస్తాను, చిన్న పడవను బ్యాటరీ కరెంటుతో నెమ్మదిగా నడిపే ఈ ట్రోలింగ్ మోటార్లు రోజూ విప్పుతుంటాను. వాళ్ల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: "కరెంటు మోటారు నీళ్లలో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కాలిపోవాల్సిందే."

వాస్తవం: లోపల ఉండేది మామూలు డీసీ మోటారు. అరిగేవి బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు), బేరింగులు, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీళ్లు, అంతే. బ్రష్‌లెస్ రకంలో ఆ బ్రష్‌లు కూడా ఉండవు. చుట్టూ ఉన్న నీళ్లే దాన్ని చల్లగా ఉంచుతాయి. గట్టు మీద ఊరికే ఎక్కువసేపు తిప్పితే వేడెక్కుతుంది.

మరి పాడుచేసేదేంటంటే, ఫిషింగ్ లైన్. పోయిన వేసవిలో ఒకతను "అన్నా, రెండేళ్లకే పోయింది, సరుకే మంచిది కాదు" అంటూ మోటారు తెచ్చాడు. నట్ విప్పి, ప్రొపెల్లర్ లాగి, పిన్ తీశాను. వెనక షాఫ్ట్ చుట్టూ ఆకుపచ్చ బ్రెయిడ్ లైను, కుట్టుమిషను బాబిన్‌కి చుట్టినట్టు బిగుసుకుపోయి ఉంది. బ్లేడుతో కోసి తీస్తే సీలు అంచు తెగి కనిపించింది. మోటారు వంచితే డికాషన్ రంగు నీళ్లు కారాయి, లోపలంతా తుప్పు. ఆ మోటారులో లోపమేమీ లేదు. మూడు మూరల దారం దాని ప్రాణం తీసింది, నాకు నిజంగా బాధేసింది.

అందుకే లేక్ నుంచి వచ్చిన ప్రతిసారీ బ్యాటరీ వైరు తీసేసి, ప్రొపెల్లర్ విప్పి వెనక చూడండి. ఐదు నిమిషాల పని. ఈ పని ఒడ్డు మీదే చేయండి, పిన్ను నీళ్లలో పడితే దొరకదు. పడవలో ఎప్పుడూ ఒక పిన్ను, ఒక నట్టు అదనంగా ఉంచుకోండి.

అపోహ: "కారు బ్యాటరీ ఉందిగా, అది చాలు."

వాస్తవం: కారు బ్యాటరీ కొద్ది సెకన్లు గట్టిగా కరెంటిచ్చి ఇంజను లేపడానికి చేసింది. దీనికి గంటల తరబడి నిలకడగా కరెంటిచ్చే డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. 55 పౌండ్ల త్రస్ట్ (పడవను నెట్టే బలం) ఉన్న 12 వోల్టుల మోటారు ఫుల్ స్పీడులో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీ కాగితం మీద రెండు గంటలు, నీళ్ల మీద అంతకన్నా తక్కువే వస్తుంది. పైగా చార్జి సగానికి మించి దించుతూ పోతే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఆ ఇబ్బంది తక్కువ, బరువు కూడా సగంలోపే. ధర ఎక్కువే, చార్జర్ కూడా దానికి సరిపోయేదే వాడాలి.

"మోటారు నీరసంగా తిరుగుతోంది" అని తెచ్చినప్పుడు నేను మొదట మోటారు విప్పను, మీటరు పెడతాను. బ్యాటరీ దగ్గర 12 వోల్టులకు పైనే చూపిస్తూ, తిరుగుతున్నప్పుడు మోటారు దగ్గర 10 దాకా పడిపోయిందంటే, సన్న వైరు దగ్గరో వదులు లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) దగ్గరో ఆ తేడా వేడిగా పోతోందన్నమాట. లగ్గు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. లావు వైరు వేసి బిగిస్తే అదే మోటారు కొత్తదానిలా తిరుగుతుంది. మధ్యలో బ్రేకరు మాత్రం తప్పనిసరి.

అపోహ: "త్రస్ట్ పెరిగితే స్పీడు పెరుగుతుంది."

వాస్తవం: పెద్దగా పెరగదు. గంటకు 4, 5 మైళ్ల దగ్గరే ఆగిపోతుంది. త్రస్ట్ అక్కరకొచ్చేది ఎదురుగాలిలో పడవను నిలబెట్టడానికి. మనుషులు, సామానుతో కలిపి ప్రతి 100 పౌండ్ల బరువుకు కనీసం 2 పౌండ్ల త్రస్ట్ లెక్కేసుకోండి.

అపోహ: "కరెంటు మోటారే కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు."

వాస్తవం: టెక్సస్‌లో పబ్లిక్ నీళ్లలో దిగితే ట్రోలింగ్ మోటారున్న పడవకూ కావాలి.

అపోహ: "గాల్వెస్టన్ ఉప్పునీళ్లలో వాడినా, తర్వాత కడిగేస్తే సరి."

వాస్తవం: మంచినీళ్ల మోటారు మీద పూత ఉప్పుకు తట్టుకోదు, కడిగినా సందుల్లో ఉప్పు మిగిలిపోతుంది. ఉప్పునీళ్ల మోటారుకి పూత వేరే, దానికితోడు కింద చిన్న జింకు ముక్క ఉంటుంది. మోటారుకి బదులు తను కరిగిపోవడమే దాని పని. చూడటానికి బాగోలేదని దానికి రంగు పూసినవాళ్లున్నారు, రంగు పడితే అది పనిచేయదు. సగం కరిగాక తీసేసి కొత్తది బిగించండి.